ఇద్దరి రక్తం, ఒకే గీత

టెక్కలిలో డిగ్రీ పూర్తి చేశాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం పలాసలో. జీడిపిక్కలు కాల్చే బట్టీల వెనుక వీధిలో, అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో, ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఒక పరిశోధన జరిగేది. నగరం నుంచి నెలకోసారి వచ్చే డాక్టరుగారు దానికి పెద్ద. ఎంచుకున్న ఇళ్ళలో ఇంటికొకరికి నంబరు వేసిన కార్డు ఇచ్చి, ఆరు నెలలకోసారి రక్తం తీయించేవారు. మొదటి విడతలో ఊళ్ళు తిరిగి కార్డులిచ్చి, అంగీకార పత్రాల మీద వేలిముద్రలు వేయించుకున్నది నేనే. "ఏదైనా తేడా ఉంటే కబురు చేస్తాం" అని ప్రతి ఇంట్లోనూ చెప్పాను. అలా చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు. మర్యాదగా ఉంటుందని నేనే చెప్పాను.

తరువాతి విడతలకు వేరే మనుషులు వెళ్ళారు. నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. వచ్చిన అంకెలు ఎక్కించడమే నా పని. ఫలితాలు ఇప్పుడే ఎవరికీ చెప్పకూడదని, వ్యాసం జర్నల్లో అచ్చయ్యాకే చెప్పాలని డాక్టరుగారి నియమం. ఆ వ్యాసం రాసినవారి వరుసలో చివరన నా పేరు కూడా ఉంటుందని ఆయన అన్నారు. మా ఇంట్లో ఎవరి పేరైనా అచ్చులో కనిపించింది పెళ్ళి శుభలేఖల మీదే. మా అమ్మ జీడిపప్పు ఒలిచే చేతులు కడుక్కుని వచ్చి, ఆ మాట నాచేత మళ్ళీ చెప్పించుకుంది.

సోంపేట అవతలి పల్లెలోని ఒక ముసలమ్మ అంకెలంటే డాక్టరుగారికి ప్రత్యేకమైన ఇష్టం. కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే క్రియాటినిన్ మొదటి విడతలో ఆమెకు మామూలుగానే ఉంది. రెండో విడతకు ఒక్కసారిగా ఎగిసింది. ఆ తరువాత రెండుసార్లూ అంతేసి పెరిగింది. గ్రాఫులో ఆ నాలుగు అంకెల్నీ కలిపితే తిన్నని గీత వచ్చింది. "స్కేలు పెట్టి గీసినట్టుంది చూశావా! ఈ జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో చెప్పడానికి ఈ ఒక్క గీత చాలు" అన్నారాయన. ఒకే రోగి వివరాలు విడిగా చూపించాలంటే ఆమె అనుమతి మళ్ళీ కావాలని జర్నల్ నియమం. ఆ వేలిముద్ర కోసం నన్ను పంపారు.

మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. కొబ్బరితోటలో గాలి లేదు. నా చెప్పుల చప్పుడే నా వెనక ఇంకెవరో వస్తున్నట్టు వినిపించింది. ఆ ఇంటి అరుగు మీద కోడలు, పక్కింటావిడ కూర్చుని ఉన్నారు. నేను కార్డు నంబరు చెప్పగానే కోడలు లోపలికెళ్ళి కార్డు తెచ్చింది. ఇంకు డబ్బా తెరవకముందే బొటనవేలు చాచింది.

"మీది కాదమ్మా, మీ అత్తగారిది కావాలి. పిలవండి."

ఆమె నా ముఖంలోకి చూసి, గుమ్మం లోపలి గోడ చూపించింది. మొదటి విడతలో నేను వేలు పట్టుకుని ముద్ర వేయించిన ముసలమ్మ అక్కడ ఫోటోలో ఉంది. కింద చనిపోయిన తేదీ రాసి ఉంది. నేను ఆమె పేరున ఎక్కించిన నాలుగు అంకెల్లో మూడు ఆ తేదీ తరువాతివి.

చనిపోయిన మనిషికి జబ్బు ముదురుతూ ఉంది. ఏడాదికి పైగా దాన్ని నేనే ఎక్కిస్తున్నాను.

"పాము కరిసి పోనాది బాబూ. మీరు మొదటిసారి వచ్చెల్లిన నెలకే."

"మరి ఆ తరువాత రక్తం ఎవరిచ్చారు?"

"నానే. కార్డు ఇంటిది కాదేటి? రేసన్ కార్డునాగ. అత్త నేదని ఇచ్చీకుండా ఉంటామేటి? కార్డున్నోలు రండన్నారు, ఎల్లినాను. ఎవులూ ఏటీ అడగనేదు."

పక్కింటావిడ పకపకా నవ్వింది. "బతికున్నన్నాల్లూ నీసేత సాకిరీ సేయించింది. సచ్చినాక నీ నెత్తురు కూడా పట్టుకెల్లిపోనాదేటే, మీ అత్త!"

కోడలు కూడా నవ్వింది. నవ్వుతూనే నన్నడిగింది: "బాగున్నాదా బాబూ, నా నెత్తురు? కబురు రానేదు కదా, బాగున్నాదనుకున్నాను."

నియమం గుర్తొచ్చింది. మళ్ళీ వస్తానని చెప్పి లేచాను. తోట దాటేవరకు వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రం డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన కంప్యూటరులో ఆ గీత మళ్ళీ తెరిచారు. ఒక శరీరంలో మొదలై మరో శరీరంలోకి నడిచిపోయిన గీత అది.

"ఈ వరుస తీసేద్దాం. మిగతాది పంపేద్దాం" అన్నారు.

"మిగతా కార్డుల సంగతి, సార్?"

"ఒక్క ఇంట్లో జరిగింది."

"ఒక్క ఇంట్లోనే అని మనకెలా తెలుసు, సార్? అన్ని ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళి చూడాలి కదా. ఆ కోడలికీ చెప్పాలి."

"ఇప్పుడు చెబితే మందులు మొదలుపెడతారు. ఊరంతా పాకుతుంది. ఇన్నేళ్ళ పని పాడవుతుంది." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. వివరాలన్నీ సరిచూశామనే హామీపత్రం నా ముందుకు జరిపారు. అందులో నా పేరు టైపు చేసి ఉంది. ఇంటిపేరుతో సహా.

దాని మీద ఆ పేరు ఎంత బాగుందో ఇప్పటికీ చెప్పగలను. సంతకం చేయలేదు. నా పేరు కొట్టేయమని అడిగాను. వ్యాసం తరువాత అచ్చయిందని విన్నాను, చదవలేదు. మిగతా కార్డులు ఎవరైనా సరిచూశారో లేదో నాకు తెలియదు.

మర్నాడు మొదటి బస్సుకే ఆ పల్లెకు వెళ్ళాను. కోడలు ఒక్కతే ఉంది. మూడు విడతల అంకెలూ ఒక కాగితం మీద తేదీలతో రాసి తీసుకెళ్ళాను. వాటి అర్థం నెమ్మదిగా చెప్పాను. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలన్నాను.

ఆమె ఏడవలేదు. కాగితం మీద మొట్టమొదటి తేదీ దగ్గర వేలు పెట్టింది.

"ఇదొచ్చినప్పుడే మీకు తెలుసేటి బాబూ?"

అత్తగారిదనుకున్నానని అనవచ్చు. అదీ నిజమే. కానీ ఎవరిదని అనుకున్నా, నేను కబురు చేయలేదు.

"తెలుసమ్మా" అన్నాను.

ఆమె లేచి పొయ్యి మీది కుండ దించి, చీర మార్చుకుని వచ్చింది. టెక్కలి ఆసుపత్రి వరకు ఆమె పక్క సీటులోనే కూర్చున్నాను. దారంతా ఆమె వేలు ఆ కాగితం మీది మొదటి తేదీ దగ్గరే ఉంది.