రెండు రెక్కలూ మూసిన దర్వాజ

కంప్యూటరు ముందు కూర్చున్నవాడు ఏం చేస్తున్నా సరే, గొప్ప పనే చేస్తున్నాడని జనం నమ్మిన కాలమొకటి ఉండేది. ఆ రోజుల్లో మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డుకు రెండు వైపులా చేన్లు పోయి వెంచర్ల బోర్డులు మొలిచాయి. మా ఊళ్లో నా ఈడువాళ్లు సగం మంది ప్లాట్లు అమ్మేవాళ్లు, మిగిలిన సగం ఆ అమ్మేవాళ్ల వెంట బండి మీద తిరిగేవాళ్లు. నేను మాత్రం ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ వ్యాపారం చేసేవాణ్ని. ఏం వ్యాపారమని ఎవరైనా అడిగితే "నెట్ పని" అని ముగించేవాణ్ని. అంతకు మించి వివరం చెప్పడం మా ఇంటి మర్యాదకు సరిపడేది కాదు. ఎందుకంటే నేను అమ్ముతున్నది గునుగు పువ్వు.

గునుగు ఎవరూ విత్తేది కాదు. బీళ్లలో, గట్ల మీద దానంతటదే మొలుస్తుంది. పశువులు తొక్కుకుంటూ పోతాయి. బతుకమ్మ పండుగ నాళ్లలో తప్ప దాని ముఖం ఎవరూ చూడరు. అయితే గచ్చిబౌలి వైపు అపార్టుమెంట్లలో ఉండే మన సాఫ్ట్‌వేరు ఆడపిల్లలకు ఆ నాళ్లలో గునుగు లేక ప్రాణం కొట్టుకుపోతుందని నాకు తెలిసింది. బంతి, చేమంతి వాళ్లకు ఎక్కడైనా దొరుకుతాయి. గునుగు, తంగేడు దొరకవు. నేనొక వెబ్‌సైటు పెట్టాను. ఆర్డర్లు వచ్చాయి. పువ్వు తెంపడానికి కూలి ఆడవాళ్ల పెద్దను, ఊరంతా మేస్త్రి అక్క అని పిలిచే ఆమెను కుదుర్చుకున్నాను. "నెట్ పనికి గునుగెందుకు పటేలా?" అని ఆమె అడిగితే "టెస్టింగ్‌కు" అన్నాను. ఆమె గౌరవంగా తలూపింది. (ఆ మాటకున్న బలం ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. ఆ రోజుల్లో టెస్టింగ్ అంటే పెళ్లి సంబంధాలు వచ్చేవి.)

మా తాత కాలంలో మాది పెద్ద దర్వాజ ఇల్లు. భూములు ఒకదాని వెంట ఒకటి పోయి, నా వంతు వచ్చేసరికి మిగిలినవి ఆ దర్వాజ, దాని వెనుక ఇల్లు, ఆ ఇంట్లో మా నాయనమ్మ, నేను, మా ఇద్దరి వెన్నెముకలు. ఆ వెన్నెముకలు మాత్రం దేనికీ వంగేవి కావు. పోయిన భూముల్లో చాలా వరకు కొన్నది మా మేనత్త మొగుడే. ఆయనను ఊరంతా జీపు మామ అనేవారు. మా తుమ్మచెల్క అనే చేనును చదును చేయించి, రాళ్లు పాతించి, కమాను కట్టించి వెంచరు వేశాడు. ఆయన నాకో గడువు కూడా పెట్టాడు. "దసరా దాక చూస్త అల్లుడా. నీ నెట్ పని నడిచిందా, మంచిదే. నడవలేదా, పండుగ తెల్లారి నుంచి నా వెంచర్ల కూసో. కస్టమర్లకు ప్లాట్లు చూపియ్యి. టై నేనే కొనిస్త." అంటే మా తాత చేన్లో, మెడకు టై కట్టుకుని, పట్నం నుంచి కార్లలో వచ్చినవాళ్లకు "ఇది ఈస్ట్ ఫేసింగ్ సార్" అని చెప్పుకు బతకాలన్నమాట. తలుచుకుంటేనే నా మెడ బిగుసుకుపోయేది.

మరి మనసు పెట్టి పని చేసుకోవచ్చు కదా అంటారా? అక్కడే ఉంది చిక్కు. డేటా కార్డుకు సిగ్నలు మా ఇంట్లో ఒక్కచోటే వచ్చేది, దర్వాజను ఆనుకుని ఉన్న కచేరి గదిలో. ఒకప్పుడు మా తాత పంచాయితీలు చెప్పిన గది అది. దానికి తలుపు లేదు. (జనం రావడానికి కట్టిన గదికి తలుపెందుకు?) పొద్దున్నే రేడియో తాత వచ్చి కూర్చునేవాడు. ఊళ్లో ఏ వార్తయినా పుట్టకముందే చెప్పడం ఆయన ప్రత్యేకత. ఆయన వెనుక ఒకరు కొడుకు రిజల్టు చూడమని, ఒకరు క్రికెట్ స్కోరు చూడమని, ఇంకొకరు ఊరికే చూద్దామని వచ్చేవారు. వచ్చినవాళ్లందరికీ నాయనమ్మ చాయ పంపేది. "నాకు పని ఉంది, పోండి" అనడానికి నాకు నోరు రాదు. మా ఇంటి మగవాడు తనకు పని ఉందని ఏనాడూ ఎవరితోనూ అని ఎరగడు. పని ఎప్పుడూ ఎదుటివాళ్లకే ఉండేది.

మాదాపూర్‌లో ఉద్యోగం చేసే నా ఇంజనీరింగ్ దోస్తుకు ఫోన్ చేసి గోడు చెప్పుకున్నాను. "నీకు ఫోకస్ లేదుర," అన్నాడు వాడు. "డోర్ బంద్ చెయ్. ఫోన్ సైలెంట్ల పెట్టు. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వాన సప్పుడు ఇను, ఫైల్ నేను పంపిస్త. మా ఆఫీసుల అందరం గట్లనే చేస్తం."

"ఎవరన్న లోపలికొస్తె?"

"డోర్ బంద్ ఉంటె ఎట్లొస్తర్ర?"

ఇంత తేలికైన ఉపాయం మా వంశంలో ఎవరికీ తట్టలేదేమిటా అని ఆశ్చర్యపోయాను. నిజానికి తట్టకపోవడానికి కారణం ఉంది. మా దర్వాజకు రెండు టేకు రెక్కలు. పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా రెండూ తెరిచే ఉండాలి. ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే ఒక రెక్క మూసేవారు. నాకు బుద్ధి తెలిశాక అలా మూసింది మా తాతకు, ఆ తర్వాత మా బాపుకు. నేను దాని గురించి ఆలోచించకపోలేదు. ఒక రెక్క మూస్తేనే కదా చావు, రెండూ మూస్తే అందులో అర్థమేమీ ఉండదని నా ఇంజనీరింగ్ బుర్ర తేల్చింది.

సద్దుల బతుకమ్మ రోజు అది, బతుకమ్మ ఆఖరి రోజు, దసరాకు ముందు నాడు. ఏడాదికొక్కసారి వచ్చే రోజు, నా వ్యాపారం బతికేదీ చచ్చేదీ ఆ సాయంత్రమే. ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ ఆడవాళ్లంతా కలిసి ఆర్డరిచ్చారు. పొద్దు వాలకముందు పువ్వు వాళ్ల చేతుల్లో ఉండాలి. మేస్త్రి అక్క తన మనుషులతో పొద్దున్నే గునుగుకు పోయింది. మధ్యాహ్నానికి ట్రాలీ ఆటో వస్తుంది. ఈలోగా నేను ఏ ఫ్లాటుకు ఏమేమి పోవాలో చూసి, అందరికీ జవాబులు రాసి పూర్తి చేయాలి. నాయనమ్మ తెల్లవారకముందే చేవెళ్ల వెళ్లింది, కళ్లజోడు తెచ్చుకోవడానికి. షేర్ ఆటోలో వెళ్లింది. అయితే ఊళ్లో ఎక్కలేదు. పెద్ద దర్వాజ ఇంటి కోడలు షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చోవడం ఎవరి కంటా పడకూడదని ఊరి వెనుక బాటన నడిచి, మలుపు దగ్గర ఎక్కింది. ఎప్పుడూ అంతే. కాబట్టి ఆమె వెళ్లిన సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

రెండు రెక్కలూ మూసి గడియ పెట్టాను. ఫోన్ సైలెంటులో పెట్టాను. హెడ్‌ఫోన్సులో వాన మొదలైంది. ఆహా, ఏం చెప్పమంటారు! పుట్టాక మొదటిసారి నాకు ఫోకస్ అంటే ఏమిటో తెలిసింది. చేతులు వాటంతటవే నడిచాయి. కొంతసేపటికి ఆ వానలో, ఎక్కడో దూరంగా, ఆడవాళ్లు ఏడుస్తున్నట్టు కూడా వినిపించసాగింది. రికార్డింగు చాలా ఖరీదైనదని అనుకున్నాను. ఇంకాసేపటికి సన్నగా డప్పు కూడా కలిసింది. మాదాపూర్‌వాళ్ల అభిరుచికి నివ్వెరపోయాను.

పని మొత్తం ముగించి, ఒళ్లు విరుచుకుని, విజయగర్వంతో దర్వాజ తీశాను.

బయట ఊరుంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూర్చున్నారు. మగవాళ్లు తువ్వాళ్లు తలకు చుట్టుకుని నిలబడ్డారు. డప్పులవాళ్లు డప్పు కొడుతున్నారు. జీపు మామ ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంటూనే, మా ఇంటి ముందు జాగాను ఆ మూల నుంచి ఈ మూలకు అడుగులతో కొలుస్తున్నాడు. నన్ను చూసి ఎవరో కెవ్వుమన్నారు. డప్పు ఆగిపోయింది. రేడియో తాత మాత్రం నిబ్బరం కోల్పోలేదు. నన్ను ఎగాదిగా చూసి జనం వైపు తిరిగాడు.

"ఇద్దరు కాదు. ఒక్కరే," అని ప్రకటించాడు.

తర్వాత తెలిసింది ఆయన లెక్క. ఒక రెక్క మూస్తే ఒకరు పోయినట్టు. రెండూ మూశారంటే ఇంట్లో ఉన్న ఇద్దరూ పోయినట్టే. జీపు మామ ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు, అనుమానం తీరిపోయింది. చావింటి దర్వాజ తట్టే పద్ధతి లేదు కాబట్టి ఎవరూ తట్టలేదు.

"పెద్దవ్వేది పటేలా?" అని ఏడుపు గొంతుతో అడిగింది మేస్త్రి అక్క. (నాయనమ్మను ఊరంతా పెద్దవ్వ అనేవారు.)

నేనేం చెప్పను? పెద్దవ్వ షేర్ ఆటో ఎక్కి చేవెళ్ల పోయిందని ఇంతమంది ముందు చెప్పి, ఆమె ఇన్నేళ్లుగా దాచుకున్న పరువు తీయనా? తల దించుకుని ఊరుకున్నాను. అంతే, ఒక్కసారిగా శోకాలు లేచాయి. "పండుగ పూటనే పోవాల్నా అవ్వా! బతుకమ్మను ఎత్తకుండనే పోతివా అవ్వా!" అని ఒకామె మా గడప మీద తల ఆనించింది. ఆ ఏడుపు నిజమైన ఏడుపు. అది చూసి నాకూ ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి, మా నాయనమ్మ నిక్షేపంగా ఉందని తెలిసి కూడా.

అప్పుడు జనం వెనుక నుంచి వినిపించింది. "ఏందిరా గీ గుంపు? ఎవరు పోయిండ్రు?"

కొత్త కళ్లజోడుతో, సంచి చేతిలో పట్టుకుని, నిటారుగా నిలబడి ఉంది మా నాయనమ్మ. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఆమెకు జవాబు చెప్పే బాధ్యత కూడా రేడియో తాతే తీసుకున్నాడు.

"ఇంకెవరవ్వా... నువ్వే."

"ఎప్పుడు?"

"పొద్దుగాల."

"మరి నాకెవ్వరు చెప్పలేదేందిర?" అంది నాయనమ్మ. తర్వాత కళ్లజోడు సవరించుకుని అల్లుడి వైపు చూసింది. "నువ్వేం కొలుస్తున్నవ్ అల్లుడా?"

జీపు మామ ఉన్నచోటనే ఉండిపోయాడు, ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి.

అందరూ నవ్వులో పడ్డారు గానీ నేను మాత్రం లెక్క చూసుకున్నాను. మేస్త్రి అక్క ఇక్కడుంది. ఆమె మనుషులంతా ఇక్కడే ఉన్నారు. మరి గునుగు? "యాడ తెంపినం పటేలా? అవ్వ పోయిందని ఇనంగనే కొడవండ్లు ఆడ్నే పారేసి ఉరికొస్తిమి," అందామె. ట్రాలీ ఆటో వచ్చి నిలబడింది, ఖాళీగా. ఆటో అతనే దిగివచ్చి శోకంలో కూర్చున్నాడు. జీపు మామ కాలు కదిపి, గొంతు సవరించుకుని, "ఇగ ఎల్లుండి నుంచి వెంచర్లకు వస్తవు గద అల్లుడా," అన్నాడు. తప్పు పట్టుబడ్డ మనిషికి మాట మార్చడానికి అంతకంటే మంచి సంగతి దొరకలేదు పాపం.

ఆ టై నా కళ్ల ముందు ఊగింది. మా వంశంలో ఎవరూ అనని మాట నా నోట్లోంచి ఊడిపడింది.

"నాకు పని ఉన్నది!" అని అరిచాను. "గునుగు అమ్ముతున్న. పట్నం వాళ్లకు. పొద్దుగూకక ముందే పంపాలె. ఎవరన్న వచ్చి జర తెంపుండ్రి."

ఊరు మొత్తం నాయనమ్మ ముఖంలోకి చూసింది. నేను చూడలేకపోయాను.

"గునుగా?" అందామె.

"అవునవ్వా."

"పైసలిచ్చి కొంటున్నరా?"

"కొంటున్నరు."

ఆమె చేతిలోని సంచి గడప మీద పెట్టింది. "మన తుమ్మచెల్కల మస్తు లేస్తుండె," అంది. తర్వాత మామ వైపు తిరిగింది. "అల్లుడా, నీ ప్లాట్ల మధ్యల గునుగు నిలువెత్తు ఉన్నది. భూమి నువ్వు కొన్నవు. గునుగు కూడ కొన్నవా?"

"లే... లేదత్తా."

"అయితె అది మాదే. నేను సచ్చిన్నని ఇంతమంది వచ్చిండ్రు. ఉత్తగ ఎందుకు పోతరు, తెంపుండ్రి."

ఒక ముసలాయన అడ్డం పడ్డాడు. చావు దగ్గరికి వచ్చిన మనుషులు తానం చేయకుండా బతుకమ్మ పువ్వును ముట్టుకోవచ్చా అని ఆయన సందేహం. "ఎవరి సావు?" అంది నాయనమ్మ. "నీదే గదవ్వా." "నేనే చెప్తున్న గద, మైల లేదు ఏం లేదు. నడువుండ్రి!" ఆ విధంగా మా నాయనమ్మ అంత్యక్రియలకు వచ్చిన జనమంతా, డప్పులతో సహా, వెంచరు కమాను కిందుగా వెళ్లి ప్లాటు రాళ్ల నడుమ గునుగు తెంపారు. ఆ మధ్యాహ్నం ప్లాటు చూసుకోవడానికి వచ్చిన ఒక కుటుంబం ఆ సందడి చూసి, ఇక్కడ సంస్కృతి బాగుందని మెచ్చుకుని అడ్వాన్సు కూడా ఇచ్చి పోయిందట. మామ ఆ తర్వాత టై ఊసెత్తలేదు.

పువ్వుతో నేనే స్వయంగా ఆటో ఎక్కి వెళ్లాను. గేటెడ్ కమ్యూనిటీ ముందు వాచ్‌మన్ నన్ను ఆపి, "పూలోళ్లు ఎనక గేటుకెళ్లి పోవాలె," అన్నాడు. పెద్ద దర్వాజ ఇంటివాణ్ని, వెనక గేటా? వెన్ను నిలబెట్టి వాడి వంక అలాగే చూశాను. వాడూ నా వంక అలాగే చూశాడు. (వాడి వెన్ను కూడా తక్కువదేం కాదు.) పొద్దు వాలుతోంది. వెనక గేటు నుంచే పోయాను. లోపల తాంబాళాలు ముందు పెట్టుకుని ఎదురు చూస్తున్న ఆడపిల్లలు ఒక్కసారిగా ఆటో చుట్టూ మూగారు. ఒకామె గునుగు కట్ట ముఖానికి ఆనించుకుని, "ఏ ఊరి గునుగన్నా ఇది?" అంది. "మా చెల్కది," అన్నాను. కాగితాల ప్రకారం అది అబద్ధం. ఆమె కళ్లు చూస్తే మాత్రం అబద్ధమనిపించలేదు.

ఆ పువ్వుల వ్యాపారమే పెరిగి, ఇప్పుడు నా ఆఫీసు ఆ గేటెడ్ కమ్యూనిటీకి దగ్గర్లోనే ఉంది. నాకొక గాజు గది ఉంది. దాని తలుపు మనం వేయక్కర్లేదు, దానంతటదే మూసుకుంటుంది. నాయనమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, ఊళ్లోవాళ్లతో "ఒకసారి సచ్చి చూసిన, మంచిగనే చేసిండ్రు" అని చెప్పుకుని, అసలుగా వెళ్లిపోయింది. ఆ రోజు ఒక్క రెక్కే మూశాను. కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, పని మీద మనసు నిలవాలంటే ఏం చేయాలని అడుగుతుంటారు. తలుపు వేసుకోండని చెబుతాను, అందరూ చెప్పేదే కదా. మొన్న సద్దుల నాడు నేను కూడా పొద్దున్నే వచ్చి గాజు తలుపు మూసుకుని, ఫోన్ సైలెంటులో పెట్టి, వాన చప్పుడు పెట్టుకున్నాను. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. ఎవరూ ఏడవలేదు. పని మాత్రం బ్రహ్మాండంగా సాగింది. పొద్దు వాలాక హెడ్‌ఫోన్సు తీసి, వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుని, వానలో కూడా ఏడుపు కోసం వెతుక్కున్నందుకు నన్ను చూసి నేనే నవ్వుకున్నాను. తర్వాత లేచి తలుపు తెరిచి, ఊరి నుంచి తెచ్చి మూలన పెట్టుకున్న మా దర్వాజ గడియ కర్రను గాజు తలుపుకు అడ్డం పెట్టాను, మళ్లీ మూసుకుపోకుండా.