అర్థమైనట్టు సంతకం

జైలుకు వచ్చే పుస్తకాలన్నీ ముందు ఒక గుమాస్తా బల్ల మీదికి రావాలి. 'పూర్తిగా చదివి అర్థం చేసుకున్నాను, అభ్యంతరం లేదు' అని ఫారం మీద అచ్చువేసిన మాట కింద అతను సంతకం చేస్తేనే పుస్తకం ఖైదీకి చేరుతుంది. పక్క సీటువాళ్ళు అట్ట కూడా తెరవకుండా గీకి పారేసేవారు. ఇతను మాత్రం ఇరవై రెండేళ్ళుగా ప్రతి పుటా చదివాకే కలం పట్టాడు. వాక్యంలో కామాలా అడుగడుగునా ఆగుతాడని ఆఫీసులో అతన్ని కామయ్య అనేవారు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వమే.

ఆ వానాకాలంలో ఒక ఖైదీకి అతని అక్క కథల పుస్తకం పంపింది. ఊపిరితిత్తులు చెడి జైలు ఆసుపత్రిలో పడి ఉన్నాడా ఖైదీ. పేరుకే కథలు, లోపలంతా తత్వం. మొదటి కథలో ఒకడు అద్దం అమ్మేసి, అందులో ఉండిపోయిన ముఖం ఎవరిదో తేల్చమని కోర్టుకెక్కుతాడు. రెండోదాంట్లో అసలు మనుషులే లేరు. కామయ్యకు ఒక్క ముక్క కొరుకుడు పడలేదు. అభ్యంతరపెట్టాల్సిందేమీ లేదు, నిజమే. కాని అర్థం కానిదాన్ని అర్థమైందని ఎలా రాయడం? మళ్ళీ మొదటి నుంచీ చదివాడు. పుస్తకం వచ్చిందా అని రోగి అడుగుతున్నాడంటూ వార్డరు రెండుసార్లు వచ్చిపోయాడు. మూడోసారి, మనిషి మంచానికి అతుక్కుపోయాడు, ఆ సంతకమేదో పెట్టేయమని బతిమాలాడు.

"నా పని నన్ను చెయ్యనివ్వవయ్యా" అని కసిరాడు కామయ్య. కామయ్య మంచివాడే, కాని ఆ మంచితనం చూస్తే ఎదుటివాళ్ళకు ఒళ్ళు మండుతుంది.

చివరి కథ మిగిలింది. పేరు మరిచిపోయిన మనిషొకడు, ఎవరైనా పిలిస్తే తెలుస్తుంది కదా అని వీధులన్నీ తిరుగుతాడు. ఎవరూ పిలవరు. ఇంతకీ వాడు ఉన్నట్టా, లేనట్టా అని అడిగి కథ ఆగిపోతుంది. ఆదివారం ఇంట్లో బట్టలు మడతపెడుతున్న భార్యకు దాన్ని చదివి వినిపించాడు.

"ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోడానికేముందండీ? వాడికోసం ఎదురుచూసేవాళ్ళు ఒక్కరున్నా ఉన్నట్టే" అందామె.

అతనికి ప్రాణం లేచొచ్చింది. సోమవారం ఆఫీసుకు రాగానే సంతకం చేసి, పుస్తకం తానే పట్టుకుని ఆసుపత్రికి నడిచాడు. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. ఖైదీ శనివారమే పోయాడని వార్డరు చెప్పాడు.

మర్నాడు సామాన్లు తీసుకెళ్ళడానికి ఖైదీ అక్క కామయ్య బల్ల దగ్గరికి వచ్చింది. రెండు చొక్కాలు, ఒక కళ్ళజోడు, వాటి మీద పుస్తకం.

"మా తమ్ముడు దీన్ని చదివాడాండీ?"

ఇరవై రెండేళ్ళలో ఒక్క అబద్ధం మీదా సంతకం చేయని మనిషి, "చదివాడమ్మా" అన్నాడు.

ఏ కథ బాగుందన్నాడని అడిగిందామె. పేరు మరిచిపోయినవాడి కథంతా చెప్పాడు కామయ్య. చివర్న భార్య అన్న మాటను ఆ తమ్ముడి మాటగా చెప్పాడు.

ఆమె చాలాసేపు ఏడ్చింది. "నన్ను తలుచుకునే అన్నాడామాట. మీరు వేళకి అందించబట్టి కదా. మీ మేలు మరిచిపోనండీ" అని రెండు చేతులూ జోడించింది.

చెంప ఛెళ్ళుమనిపించి ఉంటే కామయ్య తట్టుకునేవాడు.