యజమాని గడిలో చిన్న గీత

ఆస్పత్రి ల్యాబులో ఆమెను అందరూ రిపోర్టులక్క అంటారు. రక్తం తీసేవాళ్ళు వేరు, పరీక్షించే మిషన్లు వేరు. ఆ మిషన్లు కక్కే అంకెల్ని రోగుల పేర్లకు చేర్చి వార్డులకు పంపేది ఈమె. పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ, దానికి అదే కుంటికాలు, ఆ కాలి కింద అదే మడతపెట్టిన అట్టముక్క.

సర్వర్ గది మాత్రం సిస్టం సారుది. ఆయన గొప్పతనం తెలుసుకోవాలంటే ఆయన్నే అడగాలి, ఇంకెవరికీ తెలియదు. ల్యాబు ప్రోగ్రాములన్నీ నడిచే అక్కడి కంప్యూటర్ మీద సర్వాధికారాలూ ఉన్న ఖాతా రూట్, దాని తాళంచెవి రూట్ పాస్‌వర్డ్. అది తన ఒక్కడి దగ్గరే ఉందని వారానికి రెండుసార్లయినా చెప్పకపోతే ఆయనకు తిన్నది అరగదు. మూడు నెలల క్రితం ఎవరో పెద్దలు వస్తే, గోడమీది తెరపై రంగురంగుల బొమ్మలు కదిలే ప్రోగ్రాం ఒకటి ఆడించి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ బొమ్మల వల్ల ఏ రోగికి జ్వరం తగ్గిందో దేవుడికే తెలియాలి.

కొన్నేళ్ళ కిందట ఒకసారి రిపోర్టులక్క, "నాకూ కాస్త నేర్పండి సార్" అని అడిగింది.

"నీకెందుకమ్మా ఇవన్నీ? ఎంటర్ నొక్కడం వచ్చుగా, చాలు" అన్నాడు.

ఆ మాటకు ఆమె ఒళ్ళు మండింది. ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం విరామంలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, ఆ కంప్యూటర్లోనే ఉండే సహాయ పేజీలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. ఆ పేజీలు సిస్టం సారు కంటే మర్యాదస్తులు. చదివేది ఎవరో చూసి మాట మార్చవు.

ఒక సోమవారం ల్యాబుకి కొత్త మిషన్ వచ్చింది. దాని ఫలితాలు అందుకునే ప్రోగ్రామును ఆమె తెరవబోతే, ఈ పోర్టు ఇప్పటికే ఎవరో వాడుతున్నారని చెప్పి మూసుకుపోయింది. పోర్టంటే నంబరు వేసిన కిటికీ అనుకోండి. ఒకరు కూర్చుంటే ఇంకొకరికి చోటుండదు. మిషన్ అంకెలు పంపుతోంది, అందుకునే దిక్కు లేదు. ఐదు రోజులు ఆమె ఫలితాలన్నీ చేత్తో రాసుకుని టైపు చేసింది. డాక్టర్లు ఫోన్లో ఆమె మీదే విరుచుకుపడ్డారు.

సిస్టం సారు వచ్చి తెరవైపు సరిగా చూడనైనా లేదు. "పాత ప్రోగ్రాం మూయకుండా ఇంటికి పోయుంటావు. అదే పట్టుకు కూర్చుంది" అని తేల్చేశాడు.

"ఎవరు పట్టుకున్నారో రూట్‌గా ఒకసారి చూడండి సార్. ఒక్క కమాండే కదా?"

"నువ్వు నాకు చెప్తున్నావా?"

శుక్రవారం మెమో చేతికొచ్చింది. ఆమె నిర్లక్ష్యం వల్లే ఫలితాలు ఆలస్యమయ్యాయట. సోమవారం సంజాయిషీ సరిగా లేకపోతే కాంట్రాక్టు పొడిగించరట. పద్నాలుగేళ్ళు పనిచేయించుకుని ఇంకా కాంట్రాక్టే. అందులో నిర్లక్ష్యం ఎవరిదో రాసే మెమో ఆ ఆస్పత్రిలో అచ్చవలేదు.

ఇంటికి బయల్దేరే ముందు తన మామూలు ఖాతాలోంచే, ఏ పోర్టును ఏ ప్రోగ్రాం పట్టుకుందో చూపే నెట్‌స్టాట్ కమాండ్ కొట్టి చూసింది. పోర్టు తెరిచే ఉంది. పట్టుకున్న ప్రోగ్రాం పేరు ఉండాల్సిన గడిలో మాత్రం చిన్న గీత. నీవి కాని ప్రోగ్రాముల వివరాలు నీకు చూపను, అన్నీ చూడాలంటే రూట్ కావాలి అని పైన ఒక హెచ్చరిక. మొహం మీదే తలుపు వేసినట్టయింది.

ఇంట్లో అత్తగారు బఠాణీలు ఒలుస్తూ కథంతా విన్నది.

"నీదైతే పేరు చూపిస్తుందా?"

"నాదైతే చూపిస్తుందత్తయ్యా."

"చూపించిందా?"

"లేదు, గీత ఉంది."

"మరి నీది కాదనే కదే అర్థం! దానికింత ఏడుపెందుకు? లేచి మొహం కడుక్కో."

కోడలి చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది. వెక్కిరిస్తోందనుకున్న ఆ గీత తన తరఫునే సాక్ష్యం చెబుతోంది. ఇన్నేళ్ళు అన్ని పేజీలు చదివిన తన బుర్రకు ఆ ముక్క తట్టనందుకు ఆమెకు సిగ్గేసింది. శనివారం మళ్ళీ సహాయ పేజీ తెరిచి, ఆ కమాండు చివర చేర్చగల ఇంకో అక్షరం గురించి పొల్లుపోకుండా చదివింది.

సోమవారం సూపరింటెండెంట్ గదిలో ఆమె కమాండ్ కొట్టి చూపించింది. "ఇది నా పాత ప్రోగ్రాం సార్, పక్కన పేరుంది. గొడవ పెడుతున్న పోర్టు ఇది, దీని పక్కన గీతే ఉంది. నాదైతే దీనికీ పేరు కనపడేది."

"అంటే ఎవరిదో తెలీదనేగా!" అని సిస్టం సారు నవ్వాడు.

"ఇంకో అక్షరం చేరిస్తే ఏ ఖాతా తెరిచిందో చెప్తుంది సార్. దానికి రూట్ అక్కర్లేదు." ఆమె చేర్చింది. ఆ పోర్టు ఎదురుగా 'రూట్' అని వచ్చింది.

"ఇదంతా టైం వేస్ట్ సార్" అని సిస్టం సారు అందుకున్నాడు. "మీరు ఊఁ అంటే మొత్తం రీస్టార్ట్ చేసేస్తా, ఏ గొడవా ఉండదు."

"ఆ పని చేస్తే ఈ వివరం కూడా ఉండదు సార్" అంది ఆమె.

సూపరింటెండెంట్ కళ్ళజోడు సవరించుకుని అడిగాడు. "ఈ రూట్ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసయ్యా?"

ఏళ్ళ తరబడి అలవాటైన నోరు అది. సిస్టం సారు ఛాతీ విరుచుకున్నాడు. "నాకొక్కడికే సార్. ఇంకెవర్నీ దగ్గరికి కూడా రానివ్వను."

అన్నాక గానీ ఆ మాట ఆయనకు వినపడలేదు.

"ఆ రోజు చప్పట్లు కొట్టాం కదా, ఆ రంగుల బొమ్మలు ఆపావా మరి, ఇంకా ఈ పోర్టులోనే కూర్చున్నాయా?"

సూపరింటెండెంట్ ఆమె చేతిలోని మెమో తీసుకుని, పేరున్న చోట అడ్డంగా చిన్న గీత గీశాడు. కాగితాన్నీ కలాన్నీ సిస్టం సారు ముందుకు జరిపి, "పైన ఎవరి పేరుండాలో నువ్వే రాయి" అన్నాడు.