బ్లైన్‌కుమ్‌లో ఆరో కంచం

టెగ్వెన్ ఆంటీ మనుషుల్ని కంచాల్లో లెక్కపెట్టేది. ముప్పై నాలుగేళ్ళు మా ఊరి బడి వంటింట్లో వండి వడ్డించిన మనిషి. ఫలానా ఏడు మూడో క్లాసులో పిల్లలెందరు అంటే నీళ్ళు నమిలేది. కంచాలెన్ని అంటే మాత్రం తడుముకోకుండా చెప్పేది. నేనూ ఆ కంచాల్లో ఒకణ్ణి. పాలలో ఉడికించిన అన్నపు పాయసం మారు వడ్డించమని చెయ్యి చాపితే, "నీది కడుపా, గడ్డివామా?" అని అడిగి మరీ వడ్డించేది. మా వేల్స్ పల్లెల్లో పెద్దావిడ ఎవరైనా పిల్లలకు ఆంటీయే. నాకు యాభై దాటినా ఆమె ఆంటీగానే ఉండిపోయింది, నేను అబ్బాయ్‌గానే ఉండిపోయాను.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడే తల్లి పోతే నాయనమ్మ లౌరి పెంచింది. రిటైరైన వారానికే మా టౌన్ లైబ్రరీకి వచ్చింది. నేనక్కడ పాత రికార్డుల గది చూసేవాణ్ణి.

"మైరిగ్, చచ్చినవాళ్ళని చూపించే మిషను ఇదేనా?"

"ఇదే ఆంటీ. ఎవరు కావాలి?"

"మా ముత్తాత. ఎలిస్ బ్లైన్‌కుమ్."

బ్లైన్‌కుమ్ ఇంటిపేరు కాదు, పొలం పేరు. మా దగ్గర ఇంటిపేర్లు పట్టుమని పది ఉండవు. ఎలిస్ జోన్స్ అని కేకేస్తే లోయలో సగం మంది వెనక్కి తిరుగుతారు. అందుకే మనిషికి ఆనవాలు అతను దున్నే పొలమే.

ముత్తాత మీద ప్రేమతో వెతికేవాళ్ళను చాలామందిని చూశాను. కోపంతో వెతికింది ఈవిడ ఒక్కతే. కథ నాకు చిన్నప్పుడే తెలుసు, లోయలో అందరికీ తెలుసు. ఎలిస్‌కి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. పెద్ద కూతురు కాట్రిన్‌ని పదకొండో ఏట మే నెల కూలిసంతకు తీసుకెళ్ళి, కొండకు అవతల గార్త్ అనే పొలంలో పనికి కుదిర్చాడు. పన్నెండు దాటాక, ఒక డిసెంబరులో, గొంతువాపు జ్వరంతో ఆ పిల్ల అక్కడే పోయింది. అక్కడే పూడ్చారు. తండ్రి వెళ్ళలేదు.

"బూట్లయినా విప్పకుండా పొయ్యి ముందు కూర్చున్నాడట," అనేది టెగ్వెన్ ఆంటీ. "నాయనమ్మకప్పుడు ఎనిమిదేళ్ళు. గుమ్మంలో నిలబడి చూసిందట. కూతుర్ని మట్టిలో పెడుతుంటే చలి కాచుకున్నాడబ్బాయ్. ఆ తర్వాత చచ్చేదాకా ఆ ఇంట్లో కాట్రిన్ పేరు నోటితో పలకలేదు."

బ్లైన్‌కుమ్‌లో పొలం కొడుకులకు పోయింది, పగ లౌరికి వచ్చింది. ఆమె దాన్ని పోతూ పోతూ మనవరాలికి అప్పగించింది. ఈస్టరుకు వారం ముందు మాకు పూల ఆదివారం. ముందురోజే బకెట్లు, బ్రష్షులు పట్టుకుని అందరూ తమవాళ్ళ సమాధి రాళ్ళు కడిగి, తెల్లారి పసుపు పచ్చటి డాఫడిల్ పూలు పెడతారు. ఆ రోజు మా ప్రార్థనా మందిరం చాపెల్ దొడ్డిలో పూలు లేని రాయి ఉంటే ఆ ఇంటి పరువు పోయినట్టే. ఎలిస్ రాయి మాత్రం ముళ్ళపొదలో ఉండేది. కొడుకుల సంతానం ఊరు విడిచిపోయారు. ఉన్న ఒక్క వారసురాలు ఆ పక్క చూసేది కాదు. తన పూలన్నీ కారులో పెట్టుకుని కొండ అవతల చర్చికి పోయి, కాట్రిన్‌ని ఏ మూల పూడ్చారో తెలియక గోడ వారన పెట్టి వచ్చేది.

ఆమె వెతికింది కాట్రిన్ ఆచూకీ. ప్రతి పదేళ్ళ జనాభా లెక్కలో ఆ పిల్ల ఏ ఇంట్లో ఏ కంచంలో తిందో చూడాలంది. పైకి అదే. ముత్తాతను క్షమించడానికి ఒక్క సాకు దొరక్కపోతుందా అని లోపల ఆశ ఉండేదని నాకు తెలుసు. ఉత్త కోపంతో పందొమ్మిదేళ్ళు ఎవరూ వెతకరు.

ప్రతి మంగళవారం వచ్చేది. బడి వంటింటి పాత పద్దు పుస్తకాలు తెచ్చి, ఖాళీ పేజీల్లో రాసుకునేది. ఒకపక్క శుక్రవారం చేపలు, బఠానీలు అని ఉంటే రెండోపక్క 1881, బ్లైన్‌కుమ్, నలభై ఎకరాలు, నాలుగు కంచాలు. లైబ్రరీలో తిండి నిషేధం. ఆమె చేతిసంచీలో జేబురుమాలు చుట్టిన ఎండుద్రాక్ష రొట్టె ఎప్పుడూ ఉండేది. బోర్డు చూపిస్తే, "నీకు చదువొచ్చని తెలుసులే, తిను" అనేది.

1861లో ఎలిస్ దొరికాడు. పదేళ్ళవాడు. తన ఇంట్లో కాదు, ఇంకెవరిదో పొలంలో. పేరు పక్కన పాలేరు అని ఉంది.

"చూశారా ఆంటీ, ఆయన్నీ పదేళ్ళకే పనికి పంపేశారు. ఆ రోజుల్లో అందరి బతుకూ అంతే."

"అయితే మరీ పాపం," అంది. "ఆ బాధ తెలియనివాడు పంపితే తెలియదులే అనుకుంటాం. తెలిసి పంపాడు."

ఆమెతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

1891లో బ్లైన్‌కుమ్‌లో అయిదు కంచాలు, అందులో ఒకటి రెండేళ్ళ కాట్రిన్‌ది. ఆ రోజు ఆమె తెర మీద ఆ పేరును వేలితో తాకింది. వందేళ్ళు నిండితే గానీ లెక్కలు జనానికి చూపించరు కాబట్టి 1901 కోసం ఎనిమిదేళ్ళు ఆగింది. అది తెరిచిన రోజు గార్త్ పొలంలో అట్టడుగు వరుసలో కాట్రిన్ కనిపించింది. పన్నెండేళ్ళు, పనిమనిషి. బ్లైన్‌కుమ్‌లో మళ్ళీ అయిదే కంచాలు. అందులో కాట్రిన్‌ది లేదు.

"ఇంకొక్కటి ఉంది, 1911," అంది పుస్తకం మూస్తూ. "అదీ చూసే పోతాను."

"అప్పటికి కాట్రిన్ లేదుగా ఆంటీ. అందులో ఏముంటుంది?"

"చచ్చిన పిల్లలెందరో చెప్పమని ఆ ఏడు అడిగారట. ఏం చెప్పాడో చూస్తాను."

అనుకోకుండా వందేళ్ళు నిండకముందే, 2009లో అది తెరిచారు. ఇక్కణ్ణుంచి తప్పంతా నాది. అసలు కాగితం బొమ్మ వేరు, దాన్ని చూసి ఎవరో కూర్చుని టైపు చేసిన జాబితా వేరు. బొమ్మ రావడానికి ఆ కంప్యూటరు అరగంట తినేది. నాకేమో ఆ సాయంత్రం పాటల పోటీకి రిహార్సలు. జాబితా అచ్చు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"అసలుది చూడొద్దా?" అంది.

"ఉన్నదే ఇందులో ఉంటుంది ఆంటీ."

అయిదు పేర్లు. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, లౌరి. పుట్టిన పిల్లలు నలుగురు, ఉన్నవాళ్ళు ముగ్గురు, పోయినవాళ్ళు ఒకరు. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఒకటి," అంది. "గొర్రెల లెక్కలాగా. పోయింది ఒకటి."

అంతే, లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ మంగళవారం రాలేదు. ఆ పద్దు పుస్తకాలు ఎక్కడ పెట్టారని ఓసారి అడిగితే, పొయ్యిలో వేశానంది. అదే చలికాలం చాపెల్ కార్యదర్శికి ఉత్తరం రాసి, తనను గేటు పక్క మూల పూడ్చాలని, ఎలిస్‌కి వీలైనంత దూరంలో ఉండాలని కోరింది.

నాలుగేళ్ళ తర్వాత లైబ్రరీకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. అది 2013 మార్చి, పూల ఆదివారానికి రెండు వారాల ముందు. మిషను పనిచేస్తుందో లేదో చూద్దామని నోటికొచ్చిన మొదటి పేరు కొట్టాను. ఎలిస్, బ్లైన్‌కుమ్, 1911. ఈసారి అసలు కాగితం క్షణంలో వచ్చింది.

అంతకు ముందు ఏళ్ళవన్నీ గుమాస్తాలు తిరగరాసిన పుస్తకాలు. 1911ది ఇంటి యజమాని తన చేత్తో నింపిన ఫారం. ఆ రాత్రి ఈ కప్పు కింద ప్రాణాలతో ఉన్నవాళ్ళ పేర్లే రాయాలని పైన అచ్చులో ఉంది. కింద ఎలిస్ రాత. నాగలి పట్టిన చేతి రాత, పెద్ద పెద్ద అక్షరాలు, కలం గట్టిగా నొక్కి. తను, భార్య, పెద్దకొడుకు. నాలుగో వరుసలో: కాట్రిన్. కూతురు. వయసు ఇరవై రెండు. వృత్తి అన్న గడిలో: ఇంట్లో ఉంది. ఆ కింద చిన్నకొడుకు, లౌరి. పిల్లలు నలుగురు, ఉన్నవాళ్ళు నలుగురు, పోయినవాళ్ళ గడిలో సున్న.

ఆ నాలుగో వరుస మీద ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత. గుమాస్తా ఎవరో కొట్టేసి, నలుగురిని ముగ్గురు చేసి, సున్నను ఒకటి చేశాడు. ఆ ఒకటే నేను ఆమె చేతిలో పెట్టింది. కొట్టేసిన పేరు టైపు చేసినవాళ్ళు ఎక్కించలేదు.

పదేళ్ళు నోటితో పలకని పేరు. ఏడాదికి ఏడాది వయసు కూడుకుంటూ ఇరవై రెండుకి తెచ్చాడు. పనిమనిషి అన్న మాట తీసేసి ఇంట్లో ఉంది అని రాశాడు.

ఆ సాయంత్రమే వెళ్ళుంటే సరిపోయేది. ఆమె ఇల్లు నాలుగు మైళ్ళు. వెళ్ళలేదు. నాలుగేళ్ళ కిందటి నా బద్ధకం బయటపడుతుందన్న సిగ్గు సగం. మిగతా సగం చెప్పుకోవడానికి ఇంకా సిగ్గు: పూల ఆదివారం నాడు ఎలిస్ సమాధి దగ్గర నిలబెట్టి ఆ కాగితం చేతిలో పెడితే ఎంత బాగుంటుందో అనుకున్నాను. ఆమె ఏడుపుకి నేను ముహూర్తం పెట్టాను. ఆలస్యం అమృతం విషం అన్నవాడికి నాలాంటివాడెవడో తగిలే ఉంటాడు.

పండక్కి రెండురోజుల ముందు, శుక్రవారం, మంచు మొదలైంది. మార్చిలో అంత మంచు నేనెన్నడూ చూడలేదు. గోడలు మునిగాయి, కరెంటు తీగలు తెగాయి. మధ్యాహ్నం ఫోను చేశాను.

"రెండు దుప్పట్లు, ఒక పిల్లి కప్పుకుని కూర్చున్నానబ్బాయ్," అంది.

"ఎవర్నైనా పంపనా?"

"ఎవర్ని పంపుతావ్, గొర్రెల్నా? అవే కూరుకుపోయాయి."

"ఆంటీ, ఆదివారం మీకొకటి చూపించాలి. బ్లైన్‌కుమ్‌ది."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చిన చప్పుడైంది.

"మంచిదా, చెడ్డదా?"

"మీరే చూస్తారుగా."

"ఇప్పుడే చెప్పరాదూ? డెబ్భై తొమ్మిదేళ్ళదాన్ని, నాతో దాగుడుమూతలేంటి?"

"కళ్ళతో చూడాల్సింది ఆంటీ."

"సరేలే, పెద్ద మొనగాడివి. దారి లేకపోతే సోమవారం రా. రొట్టె ఇంకా ఉంది."

శనివారం ఫోను కూడా పలకలేదు. కాగితం చొక్కా లోపల పెట్టుకుని నడిచి బయల్దేరాను. వంతెన దాకా వెళ్ళేసరికి మంచు నడుము లోతు వచ్చింది. రెండుసార్లు పడ్డాను. వెనక్కి వచ్చి పొయ్యి ముందు కూలబడ్డాను. ఎంతసేపు కూర్చున్నానో, మా ఆవిడ వచ్చి, "బూట్లన్నా విప్పవేం, నేలంతా నీళ్ళు" అంది. అప్పుడు నాకు ఎలిస్ గుర్తొచ్చాడు. ఆయనకది డిసెంబరు, మధ్యలో కొండ. ఎనిమిదేళ్ళ పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది బూట్లనే. అవి ఎందాకా వెళ్ళి తిరిగొచ్చాయో ఎవరు చెబుతారు?

ఆదివారం పొద్దున పక్క పొలం ఆయన ట్రాక్టరుతో మంచు తోసుకుంటూ వెళ్ళి చూశాడు. టెగ్వెన్ ఆంటీ కుర్చీలోనే ఉంది, దుప్పట్లు కప్పుకుని. గుండె ఆగిందన్నారు. బల్లమీద రొట్టె కోసి, రెండు ముక్కలు గుడ్డలో చుట్టి ఉన్నాయట. ఆ మాట ఆయన నాకు చెప్పకుండా ఉంటే బాగుండేది.

ఉత్తరంలో రాసినట్టే గేటు పక్క మూల పూడ్చారు. ఎలిస్‌కి వీలైనంత దూరంలో. నేను శవపేటిక మోసినవాళ్ళలో ఒకణ్ణి, నోరు మెదపలేదు. కోరిన మనిషి లేనప్పుడు కోరిక మార్చే హక్కు నాకెక్కడిది?

ఇప్పుడు ఏటా పూల ఆదివారం ముందురోజు ఎలిస్ రాయి నేనే కడుగుతాను. ముళ్ళపొద కొట్టేశాను. తర్వాత గేటు పక్కకి వస్తాను, చివర కొండ అవతలికి వెళ్ళి గోడ వారన పూలు పెడతాను. చనిపోయినవాళ్ళ దగ్గర కాగితాలు చదివే పిచ్చి నాకు లేదు. వాళ్ళు వినరు. వినే చెవి ఉన్నప్పుడు నేను చెప్పలేదు.

కళ్ళతో చూడాల్సింది అన్నాను ఆమెతో. అబద్ధం. ఆమెకు కాగితాలెందుకు, కంచాలు చాలు. ఇప్పుడే చెప్పరాదూ అని అడిగినప్పుడు ఫోనులో ఒక్క ముక్క అనాల్సింది: ఆంటీ, బ్లైన్‌కుమ్‌లో అయిదు కాదు, ఆరు.