దూదితో తాకమన్నారు

లెక్కల టీచర్‌ని నేను. చర్మం మీద మచ్చల సర్వేకు పిల్లలతో ఇంటింటికీ వెళ్లే ముందు మాకు రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. మచ్చను దూదితో తాకి, తెలిసిందా అని అడగాలి. స్పర్శ తెలియకపోతే జబ్బేమోనని రాసుకోవాలి. జబ్బు పేరు మాత్రం గడపలో ఎత్తకూడదు.

ఈ రోజు చిత్తూరు దగ్గరి పల్లెలో, వీధికంతా పాలు పోసే ఆయన చేతి మీద మచ్చ చూడగానే మా తొమ్మిదో తరగతి పిల్ల "కుష్టు మేడమ్" అని పైకే అనేసింది. పక్కింటివాళ్లు విన్నారు.

"నా పాలు ఇంక యెవురు కొంటారు మే?" అంటూ ఆయన పాలక్యాను పిల్ల మీదికి విసిరాడు. నేను అడ్డం వెళ్లాను, భుజానికి తగిలింది. ఆయన మళ్లీ పిడికిలెత్తి నా మీదికొచ్చాడు. నేను పక్కకు తప్పుకోగానే రేకు తలుపును గుద్దాడు. రేకు చెయ్యి చీల్చింది. రక్తం కారుతున్నా తిట్లు ఆపలేదు.

"చెయ్యి చూసుకో నాయనా," అన్నాను.

చూసుకున్నాడు. "నొప్పే తెలీలేదు మేడమ్," అని గడపలోనే కూలబడ్డాడు.

నా కొంగు చింపి కట్టి, ఆసుపత్రిలో చేర్పించాం. మందు మొదలుపెడితే ఎవరికీ అంటదని డాక్టరు ఆయన భార్యకు చెప్పారు.

నా భుజం ఇంకా సలుపుతోంది. నొప్పి తెలుస్తున్నందుకు సాయంత్రం స్వామికి దండం పెట్టుకున్నాను. రేపటి నైవేద్యం పాయసానికి ఆ పాలాయన ఇంటి పాలే చెప్పి వచ్చాను. ప్రసాదానికి ఎవరెవరు వస్తారో చెప్పండి.