అందరి వీపులూ చూసిన మనిషి

మా వదిన పద్నాలుగేళ్లు ఫ్యాక్టరీ హాకీ జట్టుకు గోల్‌కీపరు. పేపర్లో ఆమె ఫొటో రెండే రెండు సార్లు పడింది; రెండుసార్లూ బంతి ఆమె వెనక వలలోనే ఉంది. ఆపిన వందల బంతుల్ని ఫొటో తీసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. కుడిచేతి చిటికెన వేలు వంకర, ముందు పన్ను ఒకటి పెట్టుడుది. ముప్పై నాలుగో ఏట మోకాలు మొరాయించడంతో ఆట మానేసింది గాని అలవాటు మానలేదు. మా ఇంట్లో ఏ గ్లాసు జారినా నేల తాకేలోపు వదిన పాదం అక్కడుంటుంది. ఆ తర్వాత గ్లాసు ఏ మూలకు వెళ్లిందో వెతుక్కోవడం మా అన్నయ్య పని.

అదే ఫ్యాక్టరీ నడిపే అమ్మాయిల జట్టుకు కోచ్ కావాలన్నారు. వదిన దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకి ఫైలు మోయడానికీ, ఆమె నోరు జారకుండా చూడటానికీ అన్నయ్య నన్ను వెంట పంపాడు.

“వదినా, వాళ్లేమన్నా తలూపి ఊరుకో.”

“ఊపడానికి నువ్వున్నావుగా మరిదీ.”

గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న సెక్రటరీ దరఖాస్తు చదివి, కళ్లజోడు తీసి బల్ల అంచున పెట్టాడు.

“చూడమ్మా, కోచ్ అంటే ఆట మొత్తం తెలియాలి. మీరేమో ఒక్కచోట నిలబడ్డ మనిషి.”

“నిలబడ్డాను కాబట్టే తెలుసు సార్. పరిగెత్తేవాళ్లకి బంతే కనిపిస్తుంది. నేను పద్నాలుగేళ్లు మావాళ్లందరి వీపులూ చూశాను. ఎవరు అలిసిపోయారో, ఎవరు భయపడుతున్నారో వీపే చెప్పేస్తుంది.”

సెక్రటరీ విసుగ్గా ఫైలు పక్కకు నెట్టాడు. అది తగిలి కళ్లజోడు మావైపు కిందికి జారింది. నేను ‘అయ్యో’ అనేలోపే వదిన కాలు లేచింది. కళ్లజోడు పాదం మీద పడటం, సర్రున వెళ్లి బీరువా కింద దూరడం రెప్పపాటులో అయిపోయాయి.

“ఏంటమ్మా ఇది!”

“గోలు ముందు బంతిని ఉంచకూడదు సార్. బీరువా కిందైతే ఎవరూ తొక్కరు.”

పక్కనున్నాయన నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. నేను బోర్లా పడుకుని స్కేలుతో కళ్లజోడు లాగాను. అద్దాలు భద్రం. బీరువా కింది దుమ్మంతా నా తెల్లచొక్కాకు అంటింది.

“సరే, జట్టులో గోల్‌కీపర్లు ఇద్దరున్నారు, వాళ్లకు నేర్పండి. మిగతావాళ్లకు వేరే కోచ్‌ని చూస్తాం,” అన్నాడు సెక్రటరీ.

నేను సంతోషంగా తలూపేశాను. వదిన లేచి నిలబడింది.

“జట్టులో పద్దెనిమిది మందినీ ఇస్తే చేస్తాను. ఇద్దరికైతే చేయను.”

“అయితే వెళ్లి రండి.”

బయటికొచ్చాక ఆమె గేటు వైపు తిరగలేదు. మైదానంలో అమ్మాయిలు కర్రలు పట్టుకుని కబుర్లాడుకుంటున్నారు. వదిన చీర కుచ్చిళ్లు ఎగదోపి నేరుగా వాళ్ల మధ్యకు నడిచింది.

“అందరూ నాకు వీపులు పెట్టి నిలబడండి!”

“వదినా, వాళ్లు కుదరదన్నారు కదా!” నేను గుసగుసలాడాను.

“ఉద్యోగం కుదరదన్నారు. ఆడించొద్దనలేదుగా?”

మర్నాడూ వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. మైదానానికి తాళం వేయిస్తే పిల్లల్ని గోడ చుట్టూ పరిగెత్తించింది. వాళ్లు పిలిపించిన వేరే కోచ్ ఒక సాయంత్రం వచ్చి, పావుగంట చూసి, “వీళ్లకి కోచ్ ఉందిగా!” అని వచ్చిన దారినే పోయాడు. మూడో నెలలో కాగితమొచ్చింది: మరో ఏర్పాటు జరిగేవరకు తాత్కాలికంగా, జట్టు మొత్తానికి.

ఆ తాత్కాలికానికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. పర్మనెంటు చేయమని ఓసారి అడగరాదా అంటే వదిన నన్ను జాలిగా చూస్తుంది.

“అడిగితే ఆలోచిస్తారు మరిదీ. వాళ్లకి ఆ అవకాశం ఎందుకివ్వాలి?”