తాళం ఎవరు పట్టుకున్నారు?

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. హిందూపురంలో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి కెర్నల్ కోడ్ రాస్తాను. కెర్నల్ అంటే కంప్యూటర్‌లో అన్ని పనులనూ నడిపించే మూల ప్రోగ్రాం. అందులో కారణం లేకుండా ఏదీ ఆగదు.

మా అక్క, బావ ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లు. పెద్ద అంచు చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నడుమ లేస్తే పోగులు తప్పుతాయి కాబట్టి, అసలు నేసే మనిషి "ఊఁ" అనేదాకా పక్కన కూర్చున్నవాళ్లు లేవకూడదు. బావ ఆ పద్ధతితోనే అక్కను కాల్చుకు తిన్నాడు.

ఒక రోజు అక్కకు ఒళ్లు కాలిపోతోందట. "రోంచేపు పండుకుంటా" అని అడిగిందట. "కొంగు అయిపోనీ, చస్తావా ఏం?" అన్నాడట. ఇదంతా పక్కింటావిడ చెప్పింది. కొంగు పూర్తయ్యేసరికి అక్క మగ్గం మీదే ఒరిగిపోయింది. ఆస్పత్రికి చేరకముందే పోయింది.

ఆ తర్వాత బావ పక్కన కూర్చోడానికి కన్న కూతురితో సహా ఒక్క మనిషీ రాలేదు. బావ మొహం చూసి కాదు, అక్క కూతురు లత కడుపు మాడకూడదని మగ్గానికి ఎలక్ట్రానిక్ జకార్డు, అంటే డిజైన్ ప్రకారం పోగులు ఎత్తే యంత్రం, పెట్టించాను. అంచు పోగులు కూడా అదే ఎత్తుతుంది, ఒక్కరే నేసుకోవచ్చు.

దాని కెర్నల్ కోడ్ నేనే రాశాను. ఒక పని డిజైన్ వరసను మెమరీలో నింపుతుంది, ఇంకొక పని దాన్ని చదివి పోగులు ఎత్తుతుంది. రెండూ ఒకేసారి ముట్టుకుంటే సగం పాత వరస, సగం కొత్త వరస కలిసి చీర చెడుతుంది. అందుకే తాళం వేస్తాం. తాళం పట్టుకున్న పని దాన్ని వదిలేదాకా రెండోది కదలకూడదు.

నేసే చోట లత కూర్చుంటే మగ్గం చక్కగా నడిచింది. బావ కూర్చుంటే ఆగిపోయింది. యంత్రం చేసే ప్రతి పనీ నమోదయ్యే లాగ్ తీసి చూశాను. పోగులు ఎత్తే పని తాళం కోసం కాచుకుని ఉంది. తాళం పట్టుకున్న పని పేరు దగ్గర ఖాళీ.

ఎక్కడో వదలడం మరిచానని కోడంతా వెతికాను. బోర్డు మార్చాను. చివరికి విసుగొచ్చి, రెండు పనులనూ ఒకటే చేసి తాళం మొత్తానికే తీసేశాను. బావ కూర్చున్నాడు. మళ్లీ ఆగింది. కోడ్‌లో లేని తాళం కోసం కాచుకుని ఉన్నట్టు లాగ్ చెప్పింది. పాత కోడ్ మిగిలిందేమోనని అంతా తుడిచి మళ్లీ ఎక్కించాను. అదే మాట.

"నా మగ్గం నాకే మొరాయిస్తాదేమప్పా?" అని బావ ఏడుపు మొహం పెట్టాడు. నాకు జాలి కలగలేదు.

ఇక నేత లత చేతికి వచ్చింది. ఒక మధ్యాహ్నం నేనక్కడ ఉండగా, తెగిన పోగులు కట్టడానికి బావ లత పక్కన, ఒకప్పుడు అక్క కూర్చున్న చోట కూర్చున్నాడు. కాసేపటికి నీళ్లు తాగాలని లేచాడు. మగ్గం ఆగింది. కూర్చున్నాడు, నడిచింది. మళ్లీ లేచాడు, మళ్లీ ఆగింది. నా కళ్లతో చూశాను.

"గొంతు ఎండిపోతాండాదమ్మా, రోంచేపు లేస్తా" అని కూతుర్ని బతిమాలుకున్నాడు.

లత తల ఎత్తలేదు.

"అమ్మ ఇంకా ఊఁ అనలేదు నాయనా. కూచో."

ఆయన కూర్చున్నాడు. మగ్గం కదిలింది. ఎలాగో ఇప్పటికీ నేను చెప్పలేను.